అడవి దీవిలో ఒకనాడు

దీవులను జూచి వచ్చుట యిప్పుడు మన యిండ్లలో నొక వాడుక యైనది. కరీంనగరములో గాని, జగిత్యాలలో గాని, మంచిర్యాలలో గాని నాలుగిండ్ల స్త్రీలు గూడినచోట, అండమానుకో, లంకకో, బాలికో, మారిషసుకో పోయి వచ్చినవా రొక్కరైనను నుందురు. వారందఱు చెప్పునది యొక్కటే: "ఒక బండి, ఒక గైడు, ఉదయమున బయలుదేరి సాయంకాలమునకు దీవి యంతయు జూచితిమి." వారు తెచ్చిన పటములను, గవ్వలను జూచి సంతోషించుచునే, మాలో మే మొక ప్రశ్న వేసికొనుచుండెడివారము. ముక్కు మొగము తెలియని మనుష్యుని వెంట నొక్క దినము తిరిగి యొక నేలను జూచుట యనగా నేమి చూచుట? ఆ నేలమీద బ్రదుకువారికి మనమెట్లు కనబడుదుము?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకై సముద్రము దాటనక్కఱలేదని తోచి, మేము గోదావరిని మాత్రము దాటితిమి.

పూర్వపు ఆదిలాబాదు జిల్లా పటమును ముందిడుకొని చూచిన సోదరీమణుల కొక వింత కనబడును. దక్షిణమున గోదావరి, ఉత్తరమున పెన్‌గంగ, తూర్పున వార్ధా ప్రాణహితలు. మూడు దిక్కుల నీరే. పడమట మాత్రమే నేల మఱియొక నేలతో గలియుచున్నది. కర్కటరేఖకు దక్షిణముననున్న యుష్ణమండలపు భూమి యిది. దీని నడుమ టేకు, వెదురు, నల్లమద్ది, చిరుమాను, ఇప్ప, తునికి చెట్లతో నిండిన కవ్వాల అడవి యున్నది. 1965లో దీనిని అభయారణ్యముగను, 2012లో పులుల సంరక్షణ కేంద్రముగను ప్రకటించిరి. నడియడవి సుమారు 893 చదరపు కిలోమీటర్లు. చుట్టునున్న రక్షణవలయమును గూడ గలిపిన రెండువేలకు పైబడును. 2016లో పాత జిల్లాను ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం అను నాలుగు జిల్లాలుగా విభజించినప్పు డీ యడవియు నాలుగింటికి పంపకమైనది.

ఈ యడవిని దీవి యనుటకు నదులొక్కటే కారణము గాదు. అడవి యంచున నిలిచి చూచితిమేని, కనుచూపు మేర పత్తిచేలు, వరిపొలములు; వానిని దాటిన రైలుమార్గములు, రహదారులు, బొగ్గుగనులు. అడవి మృగమున కిదియంతయు సముద్రమే. దీవిలోని ప్రాణికి వెలుపలి దారి మూసికొనిపోయిన నేమగునో మారిషసు డోడోపక్షి కథ చెప్పుచున్నది. 1598లో డచ్చివా రా దీవిపై దిగిరి. శతాబ్దము తిరుగకముందే యా పక్షి జాతి భూమిమీద లేకుండపోయెను. అందుచే కవ్వాలను జూడబోవుట యనగా నొక దీవిని జూడబోవుటయే యని మేము భావించితిమి.

మేము నలుగురము స్త్రీలము. మాలో డెబ్బదియేండ్లు దాటిన అత్తగారును, పదునాఱేండ్ల పిల్లయు నుండిరి. ఫాల్గుణమాసాంతమున, ఎండలింకను ముదురకముందు, జగిత్యాల మీదుగా ధర్మపురి చేరి, నరసింహస్వామిని సేవించుకొని, రాయపట్నము వంతెనపై గోదావరిని దాటి, లక్సెట్టిపేట మీదుగా జన్నారమునకు బోతిమి. ఆ రాత్రి యచ్చటనే బస. పదిమందితో గలిసి బండిలో పోవచ్చును, ఖర్చును తగ్గును. కాని అత్తగారికి మోకాళ్ల నొప్పి, పిల్లకు ప్రశ్నలు మెండు. ఆగవలసినచోట నాగుటకు, అడుగవలసినది యడుగుటకు వీలుండవలెనని బండి నంతయు మాకే మాటాడుకొని, ఆ ప్రాంతపు గోండుయువకు నొకనిని దారి చూపుటకు కుదుర్చుకొంటిమి. ఇరువదియైదేండ్లుండవచ్చును. మితభాషి. చూపు మాత్రము మా మొగములమీద నుండక చెట్లమీదనే తిరుగుచుండెడిది.

తెల్లవారుజామున బండి యెక్కకముందే యతడు మాతో నిట్లనెను: "అమ్మా, మూడు మాటలు జెప్త. అడవిల మెల్లగ మాట్లాడాలె. నేను చెప్పినకాడ తప్ప బండి దిగొద్దు. పులిని చూపియ్యుమని నన్ను అడుగొద్దు."

మా పిల్ల మొగము చిన్నబోయెను. పులికొఱకే కదా యది వచ్చినది! "ఏల యడుగరాదు?" అని యది ప్రశ్నింప నతడు నవ్వి, "పులి మనకోసం రాదు చెల్లె. అది దాని పని మీద అది పోతది. మనం మన పని మీద పోదాం" అనెను.

తరువాత దారిలో నతడే వివరించి చెప్పెను. కవ్వాల పులుల సంరక్షణ కేంద్రమే యైనను, ఇచ్చట పులి నిలుకడగా నుండుట యరుదు. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవులలో పులుల సంఖ్య పెరిగి, అచ్చట చోటు చాలని పడుచుపులులు కొత్త తావు వెదకికొనుచు నదులను దాటి యిటు వచ్చును. పులి చక్కగా నీదగలదు. నది దానికి అడ్డుగాదు. మనుష్యుడు కట్టిన దారులే యడ్డు. వచ్చినవి పెక్కులు కాగజ్‌నగర్ అడవులలోనే యాగిపోవును. అచ్చటినుండి కవ్వాలకు రావలెనన్న రైలుమార్గమును, పెద్దరహదారిని, జనసమ్మర్దమును దాటవలెను. ఏటికేడు కొన్ని పులు లీ దారిని వచ్చి చూచి, మఱల వెడలిపోవుచున్నవి. పుట్టినింటినుండి వచ్చు దారి తెగిపోయిన కోడలివలె నడవి యుండరాదని మా అత్తగారనిరి. ఆమె యుపమానము మా కందఱకును నచ్చినది.

పులి మాట తీరిపోవుటతో మా కన్ను లితరమైన వానిని జూడసాగెను. ఫాల్గుణపు టేకుచెట్టు మోడువలె నిలుచుండును. నేలనిండ విస్తళ్లంత యెండుటాకులు. దారిప్రక్క నొక చిన్న మొక్కకు లేతయాకు గనబడగా, మన గైడు దానిని గిల్లి పిల్లచేతికిచ్చి నలుపుమనెను. అరచేయి గోరింట పెట్టినట్లు ఎఱ్ఱనాయెను. "టేకు ఆనవాలు ఇదే" అనెను. అల్లంత దూరమున మోదుగచెట్టు ఆకు లేకుండ పూవులతో నిండియుండెను. పొనికిచెట్టు నొకదానిని చూపి, నిర్మల్ బొమ్మలు దీని కఱ్ఱతోనే చేయుదురని, కఱ్ఱ మిక్కిలి తేలికయని, ఇప్పు డీ చెట్లు దొరకుట కష్టమగుచున్నదని చెప్పెను. మన యిండ్లలో బొమ్మలకొలువు నాడు నిలిపెడి యామడిపండును, జామపండును, చిలుకను తలచుకొని యా చెట్టును మఱియొకమాఱు చూచితిమి.

ఒక కుంటకడ బండి నాపి, మాటాడవలదని సైగచేసెను. కొమ్మలమీద కొండముచ్చులు, క్రింద చుక్కల దుప్పులు. కొండముచ్చులు చిగుళ్లు త్రుంచి కొన్ని తిని, కొన్ని జారవిడుచుచుండెను. దుప్పులు వానిని మేయుచుండెను. కొండముచ్చునకు పైనుండి దూరము కనబడును. దుప్పికి నేలమీది వాసన ముందు తెలియును. చిరుతపులి జాడ యెవ్వరికి ముందు తెలిసినను వారు కేక వేయుదురు, ఇరువురును పారిపోవుదురు. మేడమీది కాపురమునకు క్రింది కాపురమునకు నింతటి పొత్తు మనలోనైనను గలదా యనిపించినది. వేసవిలో కుంటలెండినప్పుడు మృగములకొఱకై అటవీశాఖవారు సిమెంటు తొట్లు కట్టించి, సూర్యరశ్మితో నడచు పంపులచే నీరు నింపుదురట. అట్టి తొట్టికడ నొక చిన్న జంతువు నీరు త్రాగుచు, మా బండి చప్పుడునకు తలయెత్తి చూచి, కనురెప్పపాటున పొదలలో మాయమాయెను. నాలుగు కొమ్ములుగల కొండగొఱ్ఱె యది. భారతదేశమునను, నేపాళమునను దప్ప ప్రపంచమున నెచ్చటను లేదు. మగదానికే కొమ్ములు. "పులిని చూసినోళ్లు శానమంది ఉంటరు. దీన్ని చూసినోళ్లు తక్కువ" అని మన గైడు పిల్లతో ననగా, దాని మొగము విప్పారెను.

ఆ ప్రొద్దుననే మేము మఱియొక పాఠము నేర్చితిమి. తునికిచెట్టునకు చిగురు తొడుగుచుండెను. వేసవి ముదిరినపు డీ యాకును గోయుదురు. ఏబది యాకుల నొక కట్ట గట్టి, కల్లములో నెండబెట్టి, కట్టల లెక్కన కూలి పుచ్చుకొందురు. ఆ యాకు మన కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల యిండ్లలోనికి వచ్చును. మన యిరుగుపొరుగు స్త్రీలు చేటను ఒడిలో నిడుకొని, కత్తెరతో నాకును గత్తిరించి బీడీలు చుట్టుట మనము చిన్ననాటినుండి చూచుచున్నదే. కాని యా యాకునకు వెనుక మఱియొక స్త్రీ యున్నదని, ఆమె యెండలో కొమ్మ వంచి కోసినదని మన మెన్నడైనను తలంచితిమా? గోదావరి కావలి యొడ్డునను, ఈవలి యొడ్డునను నున్న యీ యిరువురు స్త్రీల నొక యాకు కలుపుచున్నది. వారొకరి నొకరెఱుగరు.

మధ్యాహ్నమున మన గైడు తనకు తానై, "మా ఇంటికి వస్తరా?" అని యడిగెను. ముందుగా కుదుర్చుకొన్న వానిలో నిది లేదు. సంతోషముతో పోతిమి. అడవి యంచున నొక గూడెము. ఎఱ్ఱమట్టితో నలికిన గోడలు, వెదురు దడి, శుభ్రమైన వాకిలి. అతని తల్లి మా అత్తగారికి నులకమంచము వేసి, మాకు చాప పఱచినది. జొన్నరొట్టెలు, కందిపప్పు పెట్టినది. ఆమెకు ఇంటిభాష గోండి. మాతో తెలుగున మాటాడినది. వాకిట నొక చాటలో ఇప్పపూవులు ఎండబెట్టియుండెను.

ఇప్పపూవు రాత్రివేళ విచ్చి, తెల్లవారుజామున రాలునట. స్త్రీలు, పిల్లలు బుట్టలు గొని చీకటితోనే చెట్లక్రిందికి బోవుదురు. పట్టణమువారికి ఇప్పపూ వనగానే సారాయి జ్ఞప్తికి వచ్చును, వీరికది తిండి. ఎండబెట్టి దాచుకొని వానకాలమున వండుకొని తినుట పూర్వమునుండి యున్న వాడుక. ఇప్పుడు ఉట్నూరులో గిరిజనస్త్రీలు సంఘముగా నేర్పడి, ఇప్పపూవుతో లడ్డులు చేసి యమ్ముచున్నారు. రక్తహీనతగల బాలికలకును, గర్భిణులకును నవి మంచివని పెట్టుచున్నారు. మా తోడికోడలు వంటకములందు నేర్పరి. పాకమెట్లు, పల్లీలెన్ని, నువ్వులెన్ని యని వివరముగా నడిగి తెలిసికొన్నది.

మాటలలో నాగోబా ప్రస్తావన వచ్చినది. ఆమె మెస్రం వంశపు కోడలు. ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరులో పుష్యమాసపు టమావాస్యకు నాగోబా జాతర జరుగును. దానికి ముందు మెస్రం వంశస్థులు పాదరక్షలు లేకుండ కాలినడకను వచ్చి, జన్నారము మండలము కలమడుగు కడ గోదావరిలోని హస్తినమడుగునుండి జలము గొనిపోయి దేవుని కభిషేకము చేయుదురు. వంశములోనికి కొత్తగా వచ్చిన కోడండ్రను తెల్లచీరలు గట్టించి, ముసుగు వేయించి, నాగోబా యెదుటికి దోడ్కొనిపోయి మ్రొక్కించి, పెద్దలయాశీర్వాదము లిప్పింతురు. దీనిని భేటింగ్ అందురు. దీనితోనే కోడలు వంశములోని దగును. ఆమె తనకు జరిగిన భేటింగును వర్ణించుచు, ఆనాటి చలిని, ముసుగులోనుండి తాను దొంగచూపు చూచుటను చెప్పి నవ్వగా, మా అత్తగారు తన గృహప్రవేశము నాటి భయమును చెప్పి నవ్విరి. ఇరువురు కొంత సేపటికి అక్కాచెల్లెండ్రైరి. కేస్లాపూరులోని కొత్తగుడిని మెస్రం వంశస్థులు తామే చందాలు వేసికొని కట్టించి 2022లో ప్రతిష్ఠ చేసికొనిరని యామె గర్వముతో జెప్పినది.

అప్పు డామె మమ్మడిగినది: "పులి కనపడ్డదా?" లేదని చెప్పగా నామె యన్నమాట మేము మఱువలేదు. "మీరు పైసలు పెట్టి దాన్ని చూడవస్తిరి. మేం అది కనపడొద్దని మొక్కుతం."

ఇది పరిహాసము గాదు. 2020 నవంబరులో కుమురం భీం జిల్లాలో నిరువురు పులివాత బడిరి. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలమున పత్తిచేనిలో నున్న యిరువదియొక్కయేండ్ల యువతి యట్లే ప్రాణము గోల్పోయినది. నవంబరు పత్తి యేరు కాలము. పత్తి యేరునది చాలవఱకు స్త్రీయే. చెట్టునకు వంగి, ఒడి గట్టుకొని, వెనుక నేమున్నదో చూడక పనిచేయును. మనము బండిలో గూర్చుండి యే మృగము కనబడవలెనని కోరుకొందుమో, ఆమె యా మృగము కనబడకుండ నిల్లు చేరవలెనని కోరుకొనును. అడవి చూడబోవు ప్రతి కుటుంబమును ఈ రెండు కోరికలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచుకొనవలెనని మా యభిప్రాయము. పులి బ్రదుకవలెను. ఆమెయు బ్రదుకవలెను. ఒకరి బ్రదుకు మనకు వేడుక, మఱియొకరి భయము మనకు వినబడదు. అట్లైన మనము చూచినది సగమే.

ఆమె పుట్టిల్లు నడియడవిలోని యొక గూడెము. అచ్చటివారు వెలుపలికి పోవుదురా, ఉందురా యను మాట యిప్పు డింటింట నున్నదట. కడెం మండలములోని రాంపూర్, మైసంపేట గ్రామములవారిని 2024లో అడవినుండి వెలుపలికి దెచ్చి, మద్దిపడగ సమీపమున నిండ్లు కట్టించి నిలిపిరి. ఇట్టి తరలింపు గ్రామస్థుల యిష్టముతోనే జరుగవలెనని చట్టము. 2006నాటి అటవీహక్కుల చట్టము వారికి నేలపై హక్కు నిచ్చినది. వెలుపలికి వచ్చినవారికి బడి దగ్గఱ, ఆసుపత్రి దగ్గఱ, బస్సు దగ్గఱ. ప్రసవవేదనతో నెడ్లబండిలో పదిమైళ్లు పోవలసిన తల్లికి రోడ్డనగా నెంతటిదో స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. నడియడవి నిశ్శబ్దమైన పులి నిలుచును, దుప్పి పెరుగును, అదియు నిజమే. మఱి పోవువారి కేమి పోవును? మే మీ మాటయే యామె నడిగితిమి. ఆమె చాటలోని పూవులను చేతితో సరిచేయుచు, "ఇల్లు కట్టిస్తరు. పొలం ఇస్తరు. దేవుడు లారీ ఎక్కుతడా?" అన్నది.

దీనికి మాలో నెవ్వరికిని జవాబు తోపలేదు. కొడు కామెను మాటాడనిచ్చి, తాను తల వంచుకొని యూరకుండెను. అతని జీవనము మావంటి వారి రాకపై నున్నది. మావంటివారి రాక యడవి బాగుపై నున్నది. అడవి బాగుకొఱకే మేనమామల యూరు కదలవలసి వచ్చునేమో. ఒక దినపు కూలికి వచ్చిన పడుచువాని భుజముపై నింత బరువున్నదని మే మప్పుడు గ్రహించితిమి.

ఒక్క దినమున నే మెఱుగుదుమను ప్రశ్నను మేము మొదట వేసికొంటిమి గదా. ఈ నేలనే తెలిసికొనగోరి హైమన్‌డార్ఫ్ అను ఆస్ట్రియాదేశపు పండితుడు 1940 తరువాతి సంవత్సరములలో వచ్చెను. ఆ 1940లోనే కుమురం భీం జోడేఘాటులో నిజాము సైనికుల తుపాకులకు బలియయ్యెను. గోండుల యార్తి యేమో తెలిసికొనుటకై యాతనిని నియమించిరి. అతడు భార్యతో గూడ మార్లవాయి గూడెములో కాపురముండి, గోండిభాష నేర్చి, పిల్లలకు బడి పెట్టించి, కేస్లాపూరు జాతరలో ప్రజలు తమ కష్టములు చెప్పుకొను దర్బారును 1942లో నేర్పఱచెను. ఆయన భార్య ఎలిజబెత్ వెంటవచ్చి యింట గూర్చుండినది కాదు. ఆ గూడెములలో తిరిగి, స్త్రీలతో గలిసి మెలిసి పనికి తోడ్పడినది. 1987లో నామె హైదరాబాదున మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఆ మార్లవాయియే గుస్సాడి నృత్యమునకు పద్మశ్రీ పొందిన కనకరాజు గారి యూరును. అంతకాల ముండినవారికి దెలిసినది మనకొక దినమున దెలియదు. అది నిజము. కాని యొక దినమున మన మెంత యెఱుగమో తెలిసికొనవచ్చును. మంచి మార్గదర్శకుడు చేయు నుపకార మదియే. చెడ్డవాడు పరుగెత్తించి అన్నియు జూచితిమను భ్రమ కల్పించును. మంచివా డొకచోట నిలిపి, చూడనివి యింకెన్నియో యున్నవని తెలుపును.

సాయంకాలము మేము కోరగా నతడు మమ్ము కలమడుగు వైపు గోదావరి యొడ్డునకు దీసికొనిపోయెను. ఎండ చల్లబడెను. మెస్రం వారు జలము ముంచుకొను తావును దూరమునుండి చూపెను. అత్తగారు మెట్టదిగలేక యొడ్డుననే నిలిచి నమస్కరించిరి. మా పిల్ల దోసిట నీరు దెచ్చి యామె తలపై జల్లినది. ధర్మపురిలో మేము ముందురోజు స్నానమాడిన గోదావరియే యిది. మా కది తీర్థము, వారి కది దేవుని యభిషేకజలము. నీరు మాత్ర మొక్కటే.

ఇట్టి యాత్ర చేయదలచిన సోదరీమణులకు మా యనుభవమునుండి నాలుగు మాటలు చెప్పుదుము. వర్షకాలమున పులుల యడవులలో యాత్రలు నిలిపివేయుదురు గనుక, కార్తీకమునుండి ఫాల్గుణమువఱకు పోవుట మేలు. మెఱయు జరీచీరలు, మల్లెదండలు, అత్తరులు యింట విడిచి, ఆకురంగు, మట్టిరంగు నూలుబట్టలు గట్టుకొనవలెను. బండి కూలి, మనిషి కూలి, ఎన్ని గంటలు, ఎచ్చటెచ్చటికి యను సంగతులు ముందే తేల్చుకొని, దారి చూపినవాని కూలి వాని చేతికే యీయవలెను. ఆ యూరివానినే కుదుర్చుకొనవలెను; పట్టణమునుండి వచ్చినవాడు చెట్టుపేరు చెప్పును గాని, ఆ చెట్టుక్రింద తన తల్లి యేమి యేరినదో చెప్పలేడు. మృగమును వెంటాడుమని, హారను గొట్టుమని, ఇంకను దగ్గఱకు పొమ్మని వానిని తొందరపెట్టరాదు. మనము పోయిన తరువాత నా యడవిలో నుండువాడతడు. పిలువకుండ నెవ్వరి యింటను జొరబడరాదు. అడుగకుండ సెల్లుఫోనుతో నెవ్వరి పటమును దీయరాదు. తినుబండారముల కాగితములను, సీసాలను తిరిగి యింటికి దెచ్చుకొనవలెను. కొనదలచిన ఇప్పపూవు లడ్డులో, తేనెయో, నిర్మల్ బొమ్మలో కొనుడు. బేరము మాత్రము గట్టిగా నాడకుడు. వృద్ధులను విడిచిపోవలదు. మా అత్తగారు లేకున్న నా యింటి తల్లి మాతో నంత మనసు విప్పి మాటాడియుండదు.

మఱియొకటి. వెంట వచ్చినవానిని చివర నొక ప్రశ్న యడుగుడు: "నీ చిన్నతనమున నుండి యిప్పుడు లేనిదేమి?" అని. మేమడిగితిమి. అతడు చాలసేపు నదివైపు జూచి, "రాత్రి చీకటి" అనెను. పూర్వము తమ యూర చీకటిపడిన పిదప నక్షత్రములు తప్ప వెలుతురుండెడిది కాదని, ఇప్పుడు దూరపు రోడ్డుమీది బండ్ల వెలుగు రాత్రియెల్ల కనబడుచునే యుండునని చెప్పెను. ఆ వెలుగును జూచియే పులి యాగిపోవునని యతని నమ్మకము.

దీవికి దోనె యెట్టిదో యడవికి దారి యట్టిది. పులి నడచుటకు కాగజ్‌నగరు మీదుగా నొక చెట్లదారి యుండవలెను. ఆ గూడెపు తల్లి బిడ్డకు బడికి, ఆసుపత్రికి పోవు దారి యుండవలెను. ఆమె మఱల తన దేవునికడకు వచ్చి మ్రొక్కుకొను దారియు మూయబడరాదు. ఈ మూడు దారులును దెఱచియుండునట్లు చూచుట ప్రభుత్వమువారి పని. వాని నెఱిగి, అతిథులవలె పోయి, అతిథులవలె మెలగి, వచ్చి నలుగురికి చెప్పుట మన పని. రాబోవు కార్తీకమున మా వీధిలోని రెండు కుటుంబములవా రచ్చటికి పోవ నిశ్చయించుకొన్నారు. వారికి ఆ యువకుని జాడ దెలిపి, పులిని చూపుమని మాత్ర మడుగవలదని మేము ముందే చెప్పియుంచితిమి.